పానిపట్టు: మూడు యుద్ధాలు, ఒక మామిడిచెట్టు

ఇంట్లో ఇద్దరు పిల్లలు మిగిలిన ఒక్క అరిసె కోసం జుట్లు పట్టుకుంటే, 'ఏమిటర్రా ఈ పానిపట్టు యుద్ధం?' అని పెద్దలు కసురుకోవడం తెలుగునాట పరిపాటి. మరాఠీ ఇళ్ళలో ఈ మాటను ఇంత తేలికగా వాడరు. ఒక వ్యవహారం 'పానిపత్ అయింది' అని అక్కడ అన్నారంటే, తిరిగి లేవలేనంతగా సర్వనాశనమైందని అర్థం. ఒకే ఊరి పేరు ఒక భాషలో చిల్లర తగవుగానూ, మరొక భాషలో కూలిపోయిన ఇంటిగానూ మిగిలిపోయింది. ఈ రెండు అర్థాల మధ్య ఎంత దూరం ఉన్నదో తెలియాలంటే ఆ ఊరు వెళ్ళి చూడవలసిందే.

ఢిల్లీకి ఉత్తరంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, హర్యానా రాష్ట్రంలో ఉన్నది పానిపట్టు. ఆదిలాబాదు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారి వరకు సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఉత్తరాన ఈ పట్టణంలో నుంచే పోతుంది. ఢిల్లీ నుండి కురుక్షేత్రానికి యాత్ర వెళ్ళే తెలుగు కుటుంబాలు కూడా ఈ దారినే పోతాయి. పురాణయుద్ధం జరిగిన చోటును చూడడానికి వెళుతూ, చరిత్రలో మూడుసార్లు దేశపు గతిని మార్చిన చోటును బస్సు కిటికీలో నుంచి చూసి దాటిపోయేవారే ఎక్కువ. దిగి ఒక పూట గడిపినవారికి మాత్రం ఆ పూట చాలాకాలం గుర్తుంటుంది.

ఈ మైదానమే ఎందుకు?

పానిపట్టులో కొండ లేదు, కోనలేదు, చెప్పుకోదగిన దుర్గమూ లేదు. కనుచూపు మేర చదునైన నేల, గోధుమ చేలు, వాటి మధ్య కర్మాగారాల పొగగొట్టాలు. ఇటువంటి చోటు కోసం చక్రవర్తులు ఎందుకు ప్రాణాలకు తెగించారని పిల్లలు అడిగితే, సమాధానం దేశపటంలో ఉన్నది. వాయవ్యపు కనుమలు దాటి, పంజాబు నదులు దాటి వచ్చే సైన్యానికి ఒకవైపు హిమాలయాల పాదాలు, మరొకవైపు రాజస్థాన్ ఎడారి అడ్డు. ఆ రెండింటి నడుమ మిగిలిన దారి ఈ మైదానం. తూర్పున యమున ఉన్నది గనుక గుర్రాలకు నీటికి కొరత లేదు. ఇక్కడ గెలిచినవాడికి ఢిల్లీ కొద్ది దినాల నడక. చదునైన నేల ఆశ్వికదళానికీ ఫిరంగులకూ అనుకూలం. అందువల్లనే ఢిల్లీని కాపాడదలచినవాడూ, కాజేయదలచినవాడూ కూడా ఇక్కడే ఎదురుపడ్డారు.

కప్పు లేని సమాధి

మొదటి యుద్ధం 1526 ఏప్రిల్ 21న జరిగింది. కాబూలు నుండి వచ్చిన బాబరు తన బలగం పన్నెండు వేలని స్వయంగా వ్రాసుకున్నాడు. ఢిల్లీ సుల్తాను ఇబ్రహీం లోదీ సైన్యం లక్ష, ఏనుగులు వెయ్యి అన్నదీ బాబరు అంచనాయే. గెలిచినవాడు వేసిన లెక్క గనుక దానిని కొంత తగ్గించి చూడడం ఉచితం. బాబరు బండ్లను పచ్చితోలు తాళ్ళతో ఒకదానికొకటి కట్టించి అడ్డుగోడగా నిలబెట్టాడు. వాటి వెనుక తుపాకులవారు, ఫిరంగులవారు. రెండు పక్కలా వేగంగా చుట్టివచ్చే గుర్రపుదళాలు. పొద్దు పొడిచిన తరువాత మొదలైన పోరు మధ్యాహ్నానికి ముగిసింది. ఇబ్రహీం లోదీ రణరంగంలోనే ప్రాణాలు విడిచాడు.

ఆయన సమాధి పట్టణం నడుమనే ఉన్నది. సన్నని ఇటుకలతో కట్టిన ఎత్తైన అరుగు, దానిపై నిరాడంబరమైన గోరీ. పైన గుమ్మటం లేదు, కప్పు కూడా లేదు. ఢిల్లీలోని లోదీ తోటలో ఆయన తండ్రి సికందరు లోదీ సమాధిని చూసి వచ్చినవారికి ఈ భేదం వెంటనే మనసుకు తడుతుంది. గెలిచిన బాబరు కట్టించిన కాబూలీ బాగ్ మసీదు కూడా ఈ పట్టణంలోనే ఉన్నది. ఆయన భార్య పేరు మీదనే దానికి ఆ పేరు వచ్చిందంటారు. ఒకే పూటలో ఈ రెండింటినీ చూడవచ్చు. ఇంతకంటె క్లుప్తంగా యుద్ధఫలితాన్ని చెప్పే పాఠం ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఆ రోజున ఇబ్రహీం లోదీ పక్షాన పోరాడి మరణించినవారిలో గ్వాలియరు తోమర వంశపు రాజు విక్రమాదిత్యుడు ఒకరు. ఆగ్రాలో ఉన్న ఆయన కుటుంబం బాబరు కుమారుడు హుమాయూనుకు ఒక గొప్ప వజ్రాన్ని సమర్పించింది. అది కోహినూరేనని చాలామంది ఊహ. ఆ ఊహే నిజమైతే, కృష్ణాతీరపు గనులలో పుట్టిన రాయి పానిపట్టు ఓటమి మూలంగా మొగలుల చేతికి చేరిందన్నమాట.

ఒక్క బాణం

ముప్పై ఏళ్ళ తరువాత, 1556 నవంబరు 5న రెండవ యుద్ధం. రేవాడీకి చెందిన హేము వర్తకుడుగా జీవితం ప్రారంభించి, అఫ్గాను సూర్ వంశీయుల కొలువులో మంత్రిగా, సేనానిగా ఎదిగాడు. ఆ సంవత్సరం అక్టోబరులో ఢిల్లీని పట్టుకొని విక్రమాదిత్య బిరుదు ధరించాడు. ఎదుటిపక్షాన పధ్నాలుగేళ్ళ అక్బరు, ఆయన సంరక్షకుడు బైరాంఖాను. గెలుపు హేము వైపే మొగ్గుతున్న వేళ ఒక బాణం వచ్చి ఆయన కంటిలో నాటుకున్నది. ఏనుగు మీద నాయకుడు ఒరిగిపోవడం చూసి సైన్యం చెదిరిపోయింది. హేమును బంధించి వధించారు. పానిపట్టు సమీపంలోని సౌదాపూరులో ఆయన స్మృతిస్థలాన్ని చూపిస్తారు.

హైస్కూలు చదువుతున్న పిల్లవాడికి ఈ చోట తట్టే ఆలోచన ఒకటి ఉన్నది. అక్బరు తన ఈడువాడే. ఆ ఈడులో ఒకరికి సామ్రాజ్యం దక్కింది; దక్కించినది ఒక్క బాణం. చరిత్రంతా పెద్ద కారణాలతోనే నడుస్తుందని చెప్పే పాఠాలకు ఇది ఒక చిన్న సవరణ.

నల్లమామిడి

పట్టణానికి సుమారు 8 కిలోమీటర్ల దూరంలో ఉన్నది 'కాలా ఆంబ్' స్మారకవనం. కాలా ఆంబ్ అంటే నల్లమామిడి. మూడవ యుద్ధంలో ఇక్కడి నేల నెత్తుటితో తడిసి, ఇక్కడి మామిడిచెట్టు నల్లబారిందని స్థానికుల కథ. ఆ చెట్టు ఇప్పుడు లేదు. అది ఉన్న చోట ఇటుకలతో కట్టిన ఒక స్తంభం నిలిచి ఉన్నది. చెట్టు కలపతో చేసిన తలుపులు పానిపట్టు పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నాయి. స్తంభం చుట్టూ పచ్చిక, పూలమొక్కలు, నడకదారులు. ఆదివారాలలో కుటుంబాలు భోజనాల డబ్బాలతో వస్తాయి. దుప్పటి పరుచుకొని కూర్చుంటాయి. పిల్లలు బంతులాడతారు.

ఈ దృశ్యం చూసి కొందరు పెద్దలకు మనసు చివుక్కుమంటుంది. ఇంత రక్తం చిందిన చోట ఈ విహారాలేమిటని వారి బాధ. కాని మూడవ పానిపట్టు యుద్ధం వివరాలు తెలిసినవారికి, ఇక్కడ కుటుంబాలు కూర్చుని అన్నం తినడమే అన్నిటికంటె తగిన స్మరణగా తోస్తుంది. ఎందుకంటే, 1761లో ఈ మైదానంలో ఆకలితో అలమటించినవారు సైనికులు మాత్రమే కాదు. వారి వెంట కుటుంబాలున్నాయి.

అఫ్గాను రాజు అహ్మద్ షా అబ్దాలీని ఎదిరించడానికి పుణె పీష్వా బాలాజీ బాజీరావు 1760లో పంపిన సేనకు నాయకుడు ఆయన పినతండ్రి కుమారుడు సదాశివరావు భావు. పీష్వా కుమారుడు విశ్వాసరావు ఆయన వెంట ఉన్నాడు. ఇంత పెద్ద సైన్యం ఉత్తరాదికి పోతున్నదంటే దారిలో దొంగల భయముండదు గనుక, మథుర, ప్రయాగ, కాశీ చూసి తరిద్దామని యాత్రికులు బయలుదేరారు. సర్దారుల భార్యలు, తల్లులు, పిల్లలు, వంటవారు, వర్తకులు, సేవకులు కూడా కలిశారు. యుద్ధం చేసేవారికంటె చేయనివారే ఎక్కువ. వారు లక్షకు పైబడి ఉంటారని కొందరి అంచనా. ఖచ్చితమైన సంఖ్యపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు.

భరతపురపు జాట్ రాజు సూరజ్ మల్ ముందే హెచ్చరించాడు. స్త్రీలనూ, బరువైన సామగ్రినీ వెనుక భద్రమైన కోటలో ఉంచి, తేలికపాటి గుర్రపుదళంతో శత్రువును వేధించడం మేలని ఆయన సలహా. భావు దానిని పాటించలేదు. అంతకుముందే ఉద్గీరులో ఫిరంగులతో నిజాం సైన్యాన్ని లొంగదీసిన సేనాని ఆయన. ఆ ఫిరంగుల మీద ఆయనకు అపారమైన నమ్మకం. కొంతకాలానికి సూరజ్ మల్ తన దారిన తాను వెళ్ళిపోయాడు.

అక్టోబరు నెలాఖరులో అబ్దాలీ బాగ్ పత్ వద్ద యమునను దాటి, మరాఠాలకూ ఢిల్లీకీ నడుమ నిలిచాడు. దక్షిణం నుండి వచ్చినవారు ఉత్తరాన, ఉత్తరం నుండి వచ్చినవాడు దక్షిణాన. ఎవరి ఇంటిదారికి వారు దూరమయ్యారు. మరాఠాలు పానిపట్టు చుట్టూ కందకం తవ్వుకొని విడిసిపెట్టారు. రెండున్నర నెలలు గడిచాయి. ధాన్యం చేరవేస్తున్న గోవిందపంత్ బుందేలే డిసెంబరులో శత్రువుల చేతిలో హతుడయ్యాడు. ఆ తరువాత తిండి రాలేదు. పశువులు చచ్చిపోయాయి. ఉత్తరాది చలి, దక్కను నుండి తెచ్చుకున్న పలుచని బట్టలు. రెండు రోజులుగా పస్తులున్నాము, ఇలా మాడి చావడంకంటె పోరాడి చావడమే మేలని సైనికులు భావుకు మొరపెట్టుకున్నారు.

1761 జనవరి 14. ఈ కాలంలో మనకు సంక్రాంతి సాధారణంగా వచ్చే తేదీ. ఆ తెల్లవారుజామున వారు ముఖాలకు పసుపు పూసుకొని కందకం దాటి బయటికి వచ్చారు. చావుకు సిద్ధపడినవారి గుర్తు అది. గెలవడం కంటె, నిరాయుధులైన జనాన్ని నడుమ ఉంచుకొని దారి చేసుకుంటూ ఢిల్లీ వైపు పోవడమే వారి ఉద్దేశమని పలువురు చరిత్రకారులు భావిస్తారు. మధ్యాహ్నం దాకా పోరు సమానంగానే సాగింది. విశ్వాసరావుకు గుండు తగిలి మరణించడంతో పరిస్థితి తలకిందులైంది. భావు ఏనుగు దిగి గుర్రమెక్కి శత్రువుల మధ్యకు దూసుకుపోయాడు. ఖాళీ అంబారీని చూసిన సైన్యం నాయకుడు పోయాడనుకుని చెదిరింది. సాయంత్రానికి అంతా అయిపోయింది. మరునాడు పట్టుబడిన పురుషులను వేల సంఖ్యలో వధించారు. స్త్రీలనూ పిల్లలనూ బానిసలుగా తీసుకుపోయారు.

ఎవరు ఎవరి పక్షం?

స్తంభం ముందు నిలబడిన పిల్లలు సాధారణంగా అడిగే ప్రశ్న, 'మనవాళ్ళు ఎవరు?' అని. తల్లిదండ్రులు తొందరపడి సమాధానం చెప్పకూడని ప్రశ్న ఇది.

భావు సైన్యానికి వెన్నెముక ఇబ్రహీంఖాను గార్దీ. ఆయన పూర్వం నిజాం కొలువులో ఉండి, ఫ్రెంచి సేనాని బుస్సీ వద్ద ఐరోపా పద్ధతి యుద్ధవిద్య నేర్చినవాడు. 1757లో బొబ్బిలి కోటపై ఫిరంగులు ఎక్కుపెట్టిన బుస్సీయే ఆ గురువు. గార్దీ సిపాయిలు ఆ రోజు కడదాకా నిలబడ్డారు. ఆయన పట్టుబడి, అబ్దాలీ శిబిరంలో చంపబడ్డాడు. మరొక వంక, అబ్దాలీతో చేతులు కలిపిన అవధ్ నవాబు షుజా ఉద్దౌలా బలగంలో గోసాయి సన్యాసుల దళం ఉన్నది. విశ్వాసరావు శరీరానికి హిందూ ధర్మం ప్రకారం దహనక్రియలు జరగడానికి పట్టుబట్టినవాడు ఆ షుజా ఉద్దౌలాయే. మొదటి యుద్ధంలో ఒక సుల్తాను కోసం గ్వాలియరు రాజు మరణించాడు. రెండవ యుద్ధంలో హేము వెంట నడిచినవారిలో అఫ్గానులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఈ మైదానాన్ని ఒక గీతతో రెండుగా విభజించి, అటు ఒక మతం, ఇటు ఒక మతం అని చెప్పబోతే ఒక్క యుద్ధం కూడా ఆ గీతకు లొంగదు.

'ఎవరు గెలిచారు?' అన్నది రెండవ ప్రశ్న. దీనికీ జవాబు పాఠ్యపుస్తకంలో ఉన్నంత సులభం కాదు. గెలిచిన అబ్దాలీ ఢిల్లీలో నిలవలేదు. మార్చి నెలలో స్వదేశానికి మరలాడు. పంజాబు క్రమంగా సిక్కుల చేతికి పోయింది. కుమారుని కోల్పోయిన పీష్వా ఆ జూన్ నెలలోనే కన్నుమూశాడు. షుజా ఉద్దౌలా మూడేళ్ళు తిరిగేసరికి 1764లో బక్సారు వద్ద ఆంగ్లేయుల చేతిలో ఓడిపోయాడు. ఇక దక్షిణాన, పానిపట్టు యుద్ధం జరిగిన ఆ జనవరి మధ్యలోనే, ఒకటి రెండు రోజుల తేడాతో, పుదుచ్చేరి కోటలోని ఫ్రెంచివారు ఆంగ్లేయులకు లొంగిపోయారు. చందుర్తి యుద్ధంతోనూ, 1759లో మచిలీపట్నం పతనంతోనూ తెలుగు తీరంలో మొదలైన కథ అక్కడ ముగిసింది. పానిపట్టులో ఒక్క సిపాయిని కూడా నిలబెట్టని ఈస్టిండియా కంపెనీకే ఆ నెల ఎక్కువగా కలిసివచ్చింది. మరాఠాలు పదేళ్ళకు, 1771లో, మళ్ళీ ఢిల్లీలో అడుగుపెట్టారు. కాని ఆ పదేళ్ళలో దేశపు తూర్పుతీరం చేజారిపోయింది.

బ్రతికి బయటపడినవారు

కాలా ఆంబ్ వద్ద యువకులకు చెప్పదగిన కథలు యోధులవి మాత్రమే కావు. తరువాతి కాలంలో మరాఠా రాజ్యాన్ని తన తెలివితో నిలబెట్టిన నానా ఫడ్నవీసు ఆనాడు పద్దెనిమిదేళ్ళవాడు. తల్లితో, భార్యతో యాత్రకని వచ్చాడు. ఆయనా భార్యా బయటపడ్డారు. తల్లి మాత్రం తిరిగి రాలేదు. భావు భార్య పార్వతీబాయి కూడా ఆ శిబిరంలోనే ఉండి తప్పించుకున్నది. కాలికి తీవ్రమైన గాయమై పడిపోయిన మహాద్‌జీ సింధియాను రాణేఖాను అనే నీళ్ళు మోసేవాడు కాపాడి చేర్చాడు. ఆ కాలు జీవితమంతా కుంటుగానే మిగిలింది. పదేళ్ళ తరువాత ఢిల్లీలో మరాఠా జెండా ఎత్తినవాడు ఆ మహాద్‌జీయే. రాణేఖానును ఆయన సోదరునిగా భావించి సేనానిని చేశాడు.

చలికి వణుకుతూ, గాయాలతో, పస్తులతో దక్షిణదిశగా నడిచి వచ్చినవారిని ఆదరించినవాడు సూరజ్ మల్. తన సలహా పెడచెవిని పెట్టినవారని ఆయన వారిపట్ల తలుపు వేసుకోలేదు. అన్నం పెట్టించాడు, బట్టలిచ్చాడు, గాయాలకు వైద్యం చేయించాడు, క్షేమంగా సాగనంపాడు. అబ్దాలీకి కోపం వస్తుందని తెలిసి చేసిన పని ఇది. హర్యానాలోని రోర్ కులస్థులలో చాలామంది తాము ఆ యుద్ధంలో మిగిలి ఇక్కడే ఉండిపోయిన మరాఠాల సంతతివారమని నేడు చెప్పుకుంటారు. ఏటా జనవరి 14న కాలా ఆంబ్ వద్ద జరిగే స్మారక దినానికి వారూ, మహారాష్ట్ర నుండి వచ్చినవారూ కలిసి శ్రద్ధాంజలి ఘటిస్తారు.

చూడబోయేవారికి

ఢిల్లీ నుండి ఉదయం బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ముందుగా పట్టణంలో కాబూలీ బాగ్ మసీదు, లోదీ సమాధి, ఆపైన ప్రదర్శనశాల చూసి, కాలా ఆంబ్‌ను చివరకు ఉంచుకుంటే కథ వరుసక్రమంలో నడుస్తుంది. వేసవి ఎండ భరించడం కష్టం. అక్టోబరు, నవంబరు, ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం. జనవరిలో పొగమంచు మూలంగా దారి ఆలస్యమవుతుంది గాని, ఆ చలిని ఒక గంట అనుభవిస్తే 1761 నాటి జనం పడిన యాతన ఏ పుస్తకమూ చెప్పలేనంతగా తెలుస్తుంది. పిల్లలను ముందుగా పచ్చికలో ఆడుకోనిచ్చి, అలసి కూర్చున్న తరువాత కథ చెప్పడం మంచిది. తారీఖులతో మొదలుపెట్టక, యాత్రకు బయలుదేరిన తల్లి కథతో మొదలుపెడితే తారీఖులు వాటంతట అవే గుర్తుంటాయి.

1947లో దేశవిభజన ఈ ఊరి ముఖచిత్రాన్ని మళ్ళీ మార్చింది. తరతరాలుగా ఉన్న ముస్లిం కుటుంబాలు వెళ్ళిపోయాయి. పశ్చిమ పంజాబు నుండి శరణార్థులు వచ్చి స్థిరపడ్డారు. మగ్గాలు, మరలు పెరిగి, పానిపట్టు నేడు చేనేతకూ, తివాచీలకూ, కంబళ్ళకూ పేరుపడిన పట్టణం. లోకంలో నానాదేశాలవారు విడిచిన ఉన్ని బట్టలు ఇక్కడికి మూటలుగా వస్తాయి. వాటిని రంగులవారీగా వేరుచేసి, చీల్చి, పీచుగా మార్చి, తిరిగి నూలు వడికి కంబళ్ళు నేస్తారు. వరదలు, భూకంపాలు వచ్చినప్పుడు బాధితులకు పంచే చవక కంబళ్ళలో ఈ ఊరివి చాలా ఉంటాయి.

కప్పుకోవడానికి గుడ్డ లేక వేలమంది వణికిన మైదానం అది. ఆ మైదానపు అంచున ఈనాడు పగలూ రాత్రీ కంబళ్ళు నేస్తున్నారు.